కాల్చని కుండ

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పాను. కాచిగూడలో "ఆ ఇంట్లో ఏదో ఉంది" అని ఎవరూ చేరని ఇల్లు కిరాయికి తీసుకుని పదకొండేళ్ళు ఉన్నాను. అందులో నన్ను పీడించినవి ఎలుకలూ, ఇంటి ఓనరూ తప్ప ఇంకేమీ లేవు. ఎవరైనా మహిమ అనగానే "ఎవరు చూశారు, ఎన్ని గంటలకు చూశారు" అని అడిగే మనిషిని నేను. అందుకే మా చుట్టాలు నా ముందు ఇలాంటి కబుర్లు చెప్పరు.

అలాంటి నేను ఒక మట్టికుండ గురించి రాయబోతున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నేను చూసింది చూసినట్టు చెబుతాను, అంతే.

పోలీసు చర్య జరిగి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. నాకు పన్నెండేళ్ళు. గన్‌ఫౌండ్రీలో ఒక సందులో ఉండేవాళ్ళం. బాపు సర్కారు దఫ్తరులో గుమాస్తా. ఇంట్లో అమ్మ, బాపు, నేను, మా అక్క సరోజిని. అక్కకు పదిహేడు. ఆ ఎండాకాలం అక్కకు టైఫాయిడ్ వచ్చింది.

ఇంట్లో ఉంటే నేను అక్క మంచం వదలనని, నాకూ జ్వరం అంటుకుంటుందని అమ్మ భయం. సరిగ్గా అప్పుడే మా బడి టీచరు రూతమ్మగారు వచ్చి, నాంపల్లిలో ఒక మిషన్ కాంపౌండులో పిల్లలకు సెలవుల క్యాంపు పెడుతున్నామని చెప్పారు. "వాళ్ళ పాటలు నేర్చుకుంటే నేర్చుకోనీ, జ్వరమైతే తెచ్చుకోదు గద" అని అమ్మ నన్ను పంపించింది.

పొద్దున్నే ప్రార్థన, హార్మోనియంతో పాటలు, ఒక బైబిలు కథ. ఆ తర్వాత కుట్లు, తాటాకు బుట్టలు, పూసల పని. అన్నింట్లోనూ నేను అధ్వాన్నం. రుమాలు మీద నేను కుట్టిన గులాబీని చూసి రూతమ్మగారు "ఇది తేలా అమ్మా?" అని నిజంగానే అడిగారు. ఆవిడ వెక్కిరించే మనిషి కాదు. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది.

నా చేతికి లొంగింది మట్టి ఒక్కటే. అది నేర్పడానికి మల్లయ్య తాత వచ్చేవాడు. ముసలి కుమ్మరి, మాట తక్కువ. రేకుల షెడ్డు కింద సారె పెట్టుకుని తిప్పుతూ, మా చేతుల మీద తన చేతులు వేసి పట్టుకునేవాడు. "మట్టిని పిసకకు బిడ్డా, జర పట్టుకో. గదే లేస్తది" అనేవాడు. నేను పట్టుకున్నాను. లేచింది.

ఇంట్లో పరిస్థితి మాత్రం రోజురోజుకూ దిగజారింది. అక్క నీళ్ళు తాగడం మానేసింది. కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వాలని డాక్టరు చెప్పాడు. అమ్మ ఇత్తడి బిందెలో కాచి ఇస్తే చిలుము వాసన అని కక్కేసేది. బాపు బజారుకు పోయి కొత్త మట్టి సురాయి తెచ్చాడు. అందులో నీళ్ళు కూడా రెండు గుక్కలు దాటలేదు. పెదవులు పగిలి నెత్తురు వచ్చేది. అప్పట్లో కొత్తగా వచ్చిన మాత్రలు రాసిచ్చిన డాక్టరు, నీళ్ళు పడకపోతే ఆ మాత్రలు కూడా ఏమీ చేయలేవని బాపుతో గుమ్మం దగ్గర మెల్లగా అన్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

ఆ మర్నాడే నేను ఒక చిన్న కుండ చేశాను. ముంత కంటే పెద్దది, బిందె కంటే చిన్నది. మూతి దగ్గర నా బొటనవేలు ఎక్కువ నొక్కుకుని ఒక సొట్ట పడింది. తాత సరిచేయబోతే వద్దన్నాను. ఆరాక పైన ఎర్రమట్టి పూసి వరండాలో పెట్టాడు.

తర్వాత రెండు రోజులు అక్కకు జ్వరం ఎక్కువై నేను క్యాంపుకు పోలేదు. ఆ రెండు రోజుల్లోనే తాత పిల్లలకు కుండలు కాల్చే ఆవం సంగతి చెప్పాడట. కుండను కాలిస్తేనే కుండ అని, అంతవరకూ అది ఎండిన బురదే అని. కొన్నిటిని కాల్చి కూడా చూపించాడట. నాకివేవీ తెలియవు. మా ఇంట్లో, మా సందులో కుండ కొనేవాళ్ళే గానీ చేసేవాళ్ళు ఎవరూ లేరు.

మూడో రోజు పోయేసరికి పిల్లలు తమ కుండలు ఇంటికి తీసుకుపోతున్నారు. వరండాలో గోడవైపు ఒక వరస, ఇవతల ఒక వరస. గోడవైపువి కాల్చినవని, ఇవతలివి పచ్చివని నాకు తర్వాత తెలిసింది. రెండూ ఎర్రగానే ఉన్నాయి. ఇవతలి వరసలో బొటనవేలి సొట్ట చూసి నాది నేను తీసుకున్నాను. నన్ను ఎవరూ ఆపలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆబిడ్స్ దుకాణాల ముందు తడి వట్టివేళ్ళ తడికల నీడ పట్టుకుని, రెండు చేతుల్లో దాన్ని మోసుకుంటూ ఇంటికి వచ్చాను.

అమ్మ తడిగుడ్డతో లోపల తుడిచింది. గుడ్డకు ఎరుపు అంటింది. "కొత్త కుండ, రంగు పోతది" అనుకుంది. కాచిన నీళ్ళు చల్లారాక పోసి, అక్క మంచం పక్కన గుడ్డచుట్ట మీద కూర్చోబెట్టింది. కాసేపయ్యాక గ్లాసులో వంచి ఇచ్చింది. అక్క ఒక గుక్క తాగి ఆగింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. తర్వాత గ్లాసు మొత్తం తాగేసింది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు నాకు పట్టిన గర్వం మళ్ళీ ఉద్యోగం వచ్చిన రోజు కూడా పట్టలేదు.

నాలుగు రోజులు ఇంట్లోనే ఉన్నాను. కుండలో నీళ్ళు అయిపోతే అమ్మ మళ్ళీ పోసేది. ఐదో రోజు క్యాంపుకు పోయాను. తాత రెండో ఆవం విప్పి కుండలు బయటికి తీస్తున్నాడు.

"నీది ఏదమ్మా? నీది కనబడ్తలేదు" అన్నాడు.

"మొన్ననే తీస్కపోయిన తాతా."

"పచ్చిదా?" అని నవ్వాడు. "ఇంకెక్కడి కుండ? నీళ్ళు తాకితే చాలు, బురదైతది. గా బురద తీస్కరా, ఇంకోటి చేద్దాం."

"నాలుగు రోజుల సంది మా అక్క అందులోనే నీళ్ళు తాగుతోంది" అన్నాను.

నేను ఆటలాడుతున్నానని అనుకున్నాడు. ఆరబెట్టిన వాటిల్లోంచి ఒక పచ్చి కుండ తెచ్చి, గంగాళంలో పెట్టి నీళ్ళు పోశాడు. లోపల పిల్లలు పాట పాడుతున్నారు. ఆ పాట అయ్యేలోపలే కుండ అడుగు జారింది. పక్కలు ఒరిగాయి. గంగాళంలో ఎర్రటి బురద మిగిలింది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను అక్కడినుంచి పరుగెత్తాను. నాంపల్లి నుంచి గన్‌ఫౌండ్రీ దాకా ఎక్కడా ఆగలేదు. ఇంటికి పోయేసరికి మంచం పక్కంతా బురద, అక్క దాహంతో పడి ఉంటుందని నా ఊహ. పోయి చూస్తే కుండ అక్కడే ఉంది. అమ్మ అందులోంచి నీళ్ళు వంచుతోంది. "ఎందుకే గట్ల ఉరుకుతున్నవ్?" అంది.

నేను చెప్పలేదు. చెబితే అమ్మ ఆ కుండను బయట పారేస్తుంది. అక్క ఇంకే నీళ్ళూ తాగదు. చెప్పకపోతే ఎప్పుడు కూలుతుందో తెలియదు. పన్నెండేళ్ళ పిల్లకు అది పెద్ద బరువు. రోజూ పొద్దున లేవగానే కుండ కింద వేలు పెట్టి చూసేదాన్ని. గుడ్డ చల్లగా, కొద్దిగా తడిగా ఉండేది, ఏ కుండ కిందైనా ఉన్నట్టే. ఒకరోజు జడపిన్నుతో అంచు గీకాను. మెత్తగా పొడి రాలింది. ఇంక గీకడానికి చేతులు రాలేదు.

రెండు రోజుల తర్వాత మల్లయ్య తాత మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పెద్దబిడ్డకు బాగలేదని తెలిసి చూసిపోదామని వచ్చానన్నాడు. అమ్మ చాయ పెట్టడానికి లోపలికి పోయింది. తాత కుండ ముందు గొంతుక్కూర్చుని వేలి కణుపుతో తట్టాడు. కాలిన కుండ ఖంగుమంటుంది. ఇది ధప్పుమంది. గోటితో గీరి, గోటిలో చేరిన మట్టిని చాలాసేపు చూసుకున్నాడు. లోపల నీళ్ళు తేటగా ఉన్నాయి. తాత ముఖం మీద చెమట పట్టింది.

చాయ తాగకుండానే లేచాడు. నేను గుమ్మందాకా వెంట పోయాను.

"యాభై ఏండ్ల సంది మట్టి తొక్కుతున్న. గిట్లాంటిది చూడలే" అన్నాడు. చెప్పులేసుకుంటూ, "నువ్వు నాకు చెప్పలే, నేను చూడలే. గంతే" అన్నాడు. అక్క బతకాలని కోరుకున్నాడో, కుండను చూసి భయపడ్డాడో నాకు అర్థం కాలేదు.

మరో పది రోజులకు అక్క జ్వరం దిగింది. మాత్రలు పనిచేశాయి. అక్కను బతికించింది మందే, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. నా గొడవంతా కుండతోనే. అక్క లేచి తిరుగుతున్నాక అమ్మ దాన్ని ఖాళీ చేసి పిట్టగోడ మీద బోర్లించింది. జూన్‌లో మొదటి వాన పడింది. వాన వెలిశాక చూస్తే గోడ మీద ఎర్రటి చారికలు, కింద గుప్పెడు బురద.

"ఏం కుండ చేసినవే, ఒక్క వానకు ఆగలే!" అని అమ్మ నన్ను వెక్కిరించింది.

నేను నవ్వలేకపోయాను. దాదాపు మూడు వారాలు లోపల నీళ్ళు ఆపిన మట్టి, ఒక్క వానకు పోయింది.

పెద్దయ్యాక ఇద్దరు ముగ్గురితో అన్నాను. అమ్మతో చెబితే చేతులు జోడించి, అది రేణుక ఎల్లమ్మ తల్లి చేసిన పనే అంది. ఆ తల్లి రోజూ పచ్చి ఇసుకతో కుండ చేసి అందులోనే నీళ్ళు తెచ్చేదన్నది అమ్మకు తెలిసిన కథే కదా. రూతమ్మగారైతే, ఆ రోజుల్లో మా అక్క కోసం క్యాంపంతా ప్రార్థన చేశామని, ఇందులో ఆశ్చర్యం ఏముందని అన్నారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే స్నేహితురాలు, కాచిన నీళ్ళలో సున్నం ఉంటుంది, అది లోపల పొర కట్టి ఉంటుందంది. ఆ మాట పట్టుకుని నేను మా బడి ల్యాబులో పచ్చి ముంతలు పెట్టి కాచిన నీళ్ళు పోసి చూశాను. ఒక్కటి కూడా గంట నిలవలేదు. అటెండరు మూడుసార్లు బల్ల కడిగి విసుక్కున్నాడు.

అక్కకు మాత్రం చాలా ఏళ్ళు చెప్పలేదు. జబ్బు మనిషికి బురద నీళ్ళు తాగించానని సిగ్గు. అక్క మనవరాలి పుట్టినరోజుకు పోయినప్పుడు, ఇద్దరమే కూర్చుని ఉన్నాం కదా అని చెప్పేశాను. అది కాల్చని కుండ అక్కా, అన్నాను.

"నాకు ఎరికే" అంది.

"ఎట్లా?"

"మొదటి గుక్కలనే పంటి కింద మట్టి తగిలింది. పచ్చి మట్టి. నువ్వు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నవ్. వద్దంటే ఏడుస్తవని తాగేసిన. రెండో గ్లాసులో మట్టి లేదు. ఇంక తాగుతనే ఉన్న."

నేను ఏడవకూడదని తను, తను నీళ్ళు మానేయకూడదని నేను. ఇద్దరం అన్నాళ్ళు అదే గదిలో నోరు మూసుకుని ఉన్నామన్నమాట. "మరి అది ఎందుకు కరగలేదే అక్కా?" అని అడిగాను.

అక్క నన్ను వింతగా చూసింది.

"నన్నడుగుతవేందే? కుండ చేసింది నువ్వు గద!"