టైరుకు పెట్టిన బొట్టు

మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికని మా చెల్లెలి కొడుకు నన్ను కారులో అనంతపురం తీసుకుపోతూ, గాలి చూపించుకోవడానికి దారిలో ఒక టైర్ల అంగడి ముందు ఆపాడు. తలుపు తెరవగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. మల్లెపూల వాసనకు పాత సంగతులు గుర్తుకొచ్చే ఆడవాళ్ళు ఉంటారట. నాకు మాత్రం టైరు వాసనకే వస్తాయి. ఒంటినిండా సన్నని రబ్బరు వెంట్రుకలతో, నల్లగా నిగనిగలాడుతూ వరసగా నిలబెట్టి ఉన్న టైర్లను చూసి నాలో నేనే నవ్వుకున్నాను. "ఏం పెద్దమ్మా, ఒక్కదానివే నగుతాండావు?" అన్నాడు వాడు. "ఏం లేదులేరా, ఇంట్లో ఉండే మీ పెదనాయన గుర్తుకొచ్చినాడు" అన్నాను. టైర్లను చూస్తే మొగుడు గుర్తుకు రావడమేమిటో వాడికి అర్థం కాలేదు. సొంత లారీ తోలే మనిషితో కాపురం చేస్తే తప్ప అర్థం కాదు కూడా.

మా ఆయన కదిరిలో ఒక సావుకారి దగ్గర పదకొండేళ్ళు లారీ తోలి, ఆఖరికి ఆ సావుకారు ఎలా వదిలించుకుందామా అని చూస్తున్న పాత ఆరు చక్రాల బండినే కొన్నాడు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఆ రోజు వీధిలో నేను నడిచిన నడక తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఓనరు పెళ్ళాన్ని కదా మరి! నెల తిరక్కముందే తెలిసొచ్చింది. సావుకారి లారీ చెడిపోతే డ్రైవరు దాని నీడలోనే తుండుగుడ్డ పరుచుకుని హాయిగా నిద్రపోతాడు. సొంత లారీ చెడిపోతే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఒకసారి డీజిల్ పంపు, ఇంకోసారి కమాన్ పట్టీలు, ఎండాకాలమైతే రేడియేటరు. మేమేం తిన్నామో ఏమో గానీ, అది మాత్రం కడుపునిండా తినింది. లోడు దింపి ఇంటికొచ్చిన మనిషి కాళ్ళు కడుక్కునే తీరు చూసే ఏం పోయిందో చెప్పేదాన్ని. చెంబు ఠంగుమని పెట్టాడంటే టైరు. గోడకేసి చూస్తూ కూర్చున్నాడంటే ఇంజను. ఉన్నట్టుండి నన్ను మెచ్చుకున్నాడంటే మాత్రం నా గుండె గుభేలుమనేది, అంతకంటే పెద్దదేదో పోయిందన్నమాట. ఒకసారి సంగటిలోకి నేను చేసిన ఊరుబిండి అద్భుతంగా ఉందన్నాడు. గేర్‌బాక్సు.

వీటన్నిటికీ పైన, ఏటా ఒకసారి ఎఫ్‌సి అని ఒక గండం ఉండేది. లారీ రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని బ్రేక్ ఇన్‌స్పెక్టరు పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి. రంగులు వేయిస్తాం, లైట్లు బాగుచేయిస్తాం, హారన్ కూడా ఆ ఒక్కరోజుకు బుద్ధిగా మోగుతుంది. టైర్లను ఏం చేస్తాం? కొత్త టైర్లు వేయించాలంటే ఆరు నెలల బతుకు దాని కింద పెట్టాలి. మా స్టాండులో సొంత బండ్లు తోలుకునేవాళ్ళు ఐదుగురు ఉండేవారు. వాళ్ళలో నా తోడబుట్టిన అన్న ఒకడు. ఐదు బండ్లలో ముందు టైర్లు బాగున్నది మా అన్న బండికి ఒక్కదానికే. చీనీకాయల, అదే బత్తాయిల బాడుగలు బాగా దొరికిన ఒక ఏడు ఆయన ధైర్యం చేసి రెండు కొత్తవి వేయించాడు. ఇక అప్పటినుంచి ఎవరి బండికి ఎఫ్‌సి వచ్చినా ఆ రెండు టైర్లే పోయేవి. మా వీధిలో ఒకరింట్లో కాసులపేరు ఉండేది. ఏ ఇంట్లో పెళ్ళిచూపులైనా పిల్ల మెడలో అదే కనబడేది. ఇదీ అంతే. పరీక్ష కాగానే మంచివి మా అన్నకు, గుండు టైర్లు మళ్ళీ వాటి బండికి. తప్పని తెలియక కాదు, తెలిసీ చేసేవాళ్ళు.

మా అన్న అడిగినవాళ్ళకు కాదనకుండా ఇచ్చేవాడు గానీ ఎవరినీ నమ్మేవాడు కాదు. లారీలవాళ్ళంతా చేసినట్టే ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి, టైరు పక్కభాగం మీద ఒకవైపు తన లారీ నంబరు వాత పెట్టించాడు, ఎవరూ మార్చేసుకోకుండా. అందుకని ఎఫ్‌సికి తీసుకుపోయేవాళ్ళు ముందు టైర్ల అంగడిలో ఊడదీయించి, నంబరు లోపలి వైపుకు వచ్చేలా తిప్పి బిగించుకునేవారు.

ఆ ఏడు మా బండి ముందు టైర్లు రెండూ నా అరచేతికంటే నున్నగా ఉండేవి. ఎడమవైపు దాంట్లో అయితే లోపలి దారాలు బయటికి వచ్చేశాయి. వేలు పెట్టి చూసి, "ఇదేమి, దారాలు కనిపిస్తాండాయి?" అన్నాను. "కనిపిస్తే కనిపించనీలే, ఇంకా శానా దినాలు వస్తాది" అన్నాడు మా ఆయన. కొండ కనుమ దిగేటప్పుడు ముందు టైరు పేలిందంటే స్టీరింగు ఇక మన మాట వినదని మా అన్న ఎప్పుడో అనగా విన్నాను. శెనక్కాయల మూటలు నిండుగా వేసుకుని ఆయన కనుమ దిగే రోజున నాకు ముద్ద దిగేది కాదు. బండి హారన్ వీధి చివర వినబడేదాకా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉండేదాన్ని. కొత్త టైర్ల మాట ఎత్తితే, "యాడనుంచి తెమ్మంటావు?" అనేవాడు.

సరిగ్గా మా ఎఫ్‌సి ఎల్లుండి అనగా మా అన్న లారీకి కుందుర్పి దారిలో యాక్సిల్ విరిగింది. మంచి టైర్లు దానితో పాటే అక్కడ నిలబడిపోయాయి. మా ఆయన మరునాడు పొద్దున్నే బస్సెక్కి పోయి, ఆ బండిని జాకీతో ఎత్తి, ముందువైపు రాళ్ళమీద కూర్చోబెట్టి, చక్రాలు రెండూ ఊడదీసి ఇంకో లారీలో వేసుకొచ్చాడు. "యాక్సిల్ వచ్చేదానికి ఎట్లా రెండు దినాలు పడతాది, తీసుకపోప్పా" అన్నాడట మా అన్న, రాళ్ళమీద కూర్చున్న బండి పక్కనే తానూ ఒక రాయి మీద కూర్చుని. కదిరికి చేరేసరికి అంగళ్ళు మూసేశారు, టైరు తిప్పించే వేళ లేదు. ఉన్నది ఉన్నట్టే బిగించాడు. నంబరు బయటివైపే ఉండిపోయింది. పాత ఇంజనాయిల్లో మట్టి కలిపి దానిమీద మందంగా పూసేశాడు.

ఎఫ్‌సి రోజున ఏటా నేనూ వెంట పోయేదాన్ని, పరీక్షకు పిల్లను తీసుకుపోయినట్టు. బండికి పూలదండ, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు నా పని. ఆర్టీవో ఆఫీసు ఆవరణలో బండి వరసలో నిలబెట్టి ఆయన కాగితాలు తీసుకుని లోపలికి పోయాడు. నేను చెంబులో నీళ్ళు, ఒక గుడ్డ తీసుకుని దిగాను. దుమ్ముమీద బొట్టు నిలవదు కదా అని ముందు టైరు తుడవడం మొదలుపెట్టాను. అంతవరకూ నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు, ఒట్టు. రెండుసార్లు గుడ్డ ఆడగానే మట్టి కిందనుంచి మొదటి అంకె బయటపడింది. నా చెయ్యి ఆగింది. మట్టి నా కాళ్ళ దగ్గరే ఉంది, ఒక పిడికెడు తీసి పూసేస్తే సరిపోయేది. కానీ ఆ కాగితం చేతికొచ్చిందంటే, ఆ రాత్రికే ఈ మంచి టైర్లు మా అన్నకు పోతాయి, ఆ దారాల టైర్లు మళ్ళీ మా బండికి వస్తాయి, ఇక ఏడాదిదాకా వాటిని అడిగే నాథుడు ఉండడు. గుడ్డ పిండుకుని, అంకెలన్నీ తెల్లారినట్టు కనబడేదాకా తుడిచాను. రెండో టైరునూ తుడిచాను. పసుపు రాసి, నంబరు కిందనే రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాను.

మా ఆయన ఇన్‌స్పెక్టరు వెంటే బయటికొచ్చాడు. బొట్టు చూసి, దానిపైన నంబరు చూసి, నన్ను చూశాడు. ఆ చూపు గురించి చెప్పను. ఇన్‌స్పెక్టరు వంగి నంబరు చదివి, బండి నంబరు పలక చదివి, మళ్ళీ వంగి చదివాడు.

"ఏమప్పా, బండి నంబరొకటి, టైరు నంబరొకటి. ఎవరికియ్యమంటావు ఎఫ్‌సి?"

"అవి మా బావవి సార్."

"మీ బావ బండి యాడుండాది?"

"కుందుర్పి దావలో సార్, రాళ్ళమీద."

ఆయన నవ్వు ఆపుకోవడానికి ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తరువాత మాత్రం గట్టిగానే చెప్పాడు: నీ టైర్లు నీ బండికి వేసుకుని రా, అవి రోడ్డుకు పనికొచ్చేవైతేనే కాగితం, అంతవరకు బండి ఇంటిముందే ఉండాలి. పోతూ పోతూ నావైపు తిరిగి, "బొట్టు మాత్రం బాగా పెట్టినావమ్మా" అన్నాడు.

తిరుగుదారి పట్టి బండి ఆఫీసు గేటు దాటింది. ఆపైన మొదలైంది. "నీకేమన్నా బుద్ధుండాదా? దాన్ని తుడవమని ఎవరు సెప్పినారు?" "బొట్టు పెడదామని..." "బొట్టంట, బొట్టు!" కదిరి చేరేదాకా ఆ ఒక్కమాటే. నేను తల వంచుకుని కూర్చున్నాను. సిగ్గుతో వంచుకున్నానని ఆయన అనుకున్నాడు. నా ముఖంలో నెమ్మది ఎక్కడ కనబడిపోతుందోనని వంచుకున్నాను. అబ్బ, ఎన్ని నెలల తరువాత ఊపిరి తిరిగిందో నాకు ఆ దారిలో!

ఊరికే రాలేదు ఆ నెమ్మది. కొత్త టైర్ల డబ్బుల కోసం, చింతపండు బాడుగలు దొరికే రోజులన్నీ మా ఆయన మళ్ళీ ఆ పాత సావుకారి దగ్గరికే పోయి కూలికి లారీ తోలాడు. ఓనరు కాస్తా డ్రైవరయ్యాడు. స్టాండులో నవ్వారు. ఇంటిముందు మా బండి దుమ్ముకొట్టుకుంటూ నిలబడి ఉంటే, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని బానెట్ మీద చెయ్యి వేసి పోయేవాడు. నేను శెనక్కాయల మిల్లుకు విత్తనాలు ఏరడానికి పోయాను. చేసింది నేను, ఆ మాత్రం నా వేళ్ళు నొప్పిపుట్టాల్సిందే అనుకున్నాను.

కొత్త టైర్లు వేయించిన రోజు నేనూ అంగడికి పోయాను. ఇదే వాసన. అంగడి మనిషి మా ఎడమవైపు పాత టైరును చక్రం నుంచి ఊడదీసి, కాలితో తొక్కిపట్టి లోపలివైపు విప్పి చూపించాడు. లోపల నా ముంజేతంత పొడవున చీలి ఉంది. పైన ఉన్న పలచటి పొర ఒక్కటే దాన్ని పట్టుకుని ఉంది. "దీంతోనే కనుమ దిగినావా అన్నా?" అన్నాడు. "దిగినా" అన్నాడు మా ఆయన. "ఎన్నిసార్లు?" అనేసరికి మా ఆయన పక్కనున్న టైర్ల దొంతర మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. నేను అంగట్లో అందరి ముందరా బోరుమని ఏడ్చేశాను. దుడ్లు పోయినందుకు ఏడుస్తున్నానని ఆయన అనుకున్నాడు. "ఏడ్వాకే, ఏసినాం కదా కొత్తవి" అని నీళ్ళ గ్లాసు నాకే ఇచ్చాడు.

బండి ఆ తరువాత కొన్నేళ్ళు తిరిగింది, తినాల్సింది తిని, ఒకరోజు అమ్ముడుపోయింది. మా ఆయనకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి మనిషికీ ఈ కథ చెప్తాడు. "ఇనస్పెక్టరుకు కనపడదేమోనని నంబరు కడిగి, బొట్టు పెట్టి మరీ సూపించిందప్పా మా ఇంటిది! దేవుడు మెదడు పంచేటప్పుడు యాడికి పోయిందో!" వచ్చినవాళ్ళు నవ్వుతారు. టీ గ్లాసులతో బయటికొచ్చి నేనూ నవ్వుతాను. నిజం చెప్పేద్దామని చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఏటికేడాది ఆయన కథలో నా తెలివి ఇంకొంచెం తగ్గుతూనే ఉంది, ఆయన నవ్వు పెరుగుతూనే ఉంది. చెప్పే మనిషి నా కళ్ళెదుట కూర్చుని ఉన్నాడు. ఇంకెన్నేళ్ళు చెప్పుకుంటాడో చెప్పుకోనీ, వినడానికి నాకు ఓపిక ఉంది.