రేపటిని కప్పే అట్టముక్క

విశ్వవిద్యాలయంలో ఆమెను అందరూ అట్టముక్క మేడమ్ అనేవారు, ఎదురుగా కాదులెండి, చాటుగా. రోజు తర్వాత రోజుగా నమోదైన ధరల్లో నిన్నటి జాడ రేపటిదాకా ఎంత సాగుతుందో వెతకడం ఆమె పరిశోధన. ఉద్యోగమంతా ఉల్లిపాయల ధరతోనే కాపురం చేసింది. ఎన్ని సూత్రాలు కట్టినా, శిష్యులెవరు గ్రాఫు తెచ్చినా, మొదట సొరుగులోంచి చొక్కాపెట్టె అట్టముక్క తీసి కుడివైపంతా కప్పేసేది.

"ఇప్పుడు చెప్పు, ఇక్కణ్ణుంచి ఎటు పోతుంది?"

అట్టను మెల్లగా జరిపేది. కాగితం మీద రోజులు ఒక్కొక్కటే తెల్లవారేవి.

చివరి శిష్యురాలి దగ్గర మాత్రం ఆ అట్ట సొరుగు దాటలేదు. ఆ పిల్లంటే మేడమ్‌కి ప్రాణం. పిల్ల వేసిన అంచనాలు అసలు ధరతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. మర్నాడు సిద్ధాంత గ్రంథం సమర్పిస్తేనే ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. మేడమ్ మురిసిపోయి, సంతకం చేయడానికి గ్రంథం ఇంటికి తెచ్చుకుంది.

సాయంత్రం టీ వేళ, భర్తతో ఎప్పుడూ ఆడే ఆట మొదలుపెట్టింది. ఆయన బడిలో డ్రాయింగ్ మాస్టారు. ధర ఎటు పోతుందో అడిగితే తప్పు చెప్పడంలో ఆయన్ని మించినవారు లేరు. ఇంట్లో ఉన్న కేలండర్ అట్టతో, పిల్ల గ్రంథంలోని గ్రాఫుకి కుడివైపు కప్పింది.

"పడుతుంది," అన్నారాయన. పడింది.

"ఇప్పుడు లేస్తుంది." లేచింది.

మళ్లీ సరిగ్గానే చెప్పి, ఆయన మీసం దువ్వుకున్నారు. "చూశావుటోయ్! ఇన్నాళ్లూ నన్ను తక్కువ అంచనా వేశావు."

"మీకెలా తెలుస్తోందండీ?"

"ధరల పక్కనే నున్నగా సాగుతోందే, ఈ గీతే చెప్పేస్తోంది. ధర పడకముందే తల దించుకుంటోంది, పాపం."

ఆమె సంతకం చేయకుండానే గ్రంథం మూసేసింది.

పొద్దున్నే శిష్యురాలు గదిలోకి ఉరుక్కుంటూ వచ్చింది. "సంతకం అయిందా మేడమ్?"

"కూర్చో అమ్మాయ్. ఈ గీత ఇంత నున్నగా ఎలా వచ్చింది?"

"ప్రతి రోజు ధరకీ ముందు వారం, తర్వాత వారం కలిపి సగటు..." పిల్ల నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"అంచనా వేసే రోజుకి తర్వాత వారం ఇంకా రాలేదు కదే. రాని రోజుల్ని కలుపుకుని వాటినే ఊహించాం."

"నా ఉద్యోగం పోయినట్టే మేడమ్."

"పోవచ్చు," అంది ఆమె. అబద్ధపు ఓదార్పు చెప్పలేకపోయింది. "అట్ట పెట్టి చూడాల్సింది నేను. ముద్దు చేసి వదిలేశాను. సంస్థవాళ్లతో నేనే మాట్లాడతాను, తిట్లు నాకు పడనీ."

సంస్థవాళ్లు గొణిగారు గానీ, టర్మ్ చివరిదాకా ఆగుతామన్నారు. పిల్ల గడిచిన రోజుల్నే తీసుకుని మొత్తం మళ్లీ చేసింది. ఈసారి అంచనాలు తడబడ్డాయి, కొన్నిచోట్ల బోర్లాపడ్డాయి. అయినా, రేపటి ధర కూడా ఇవాళ్టి ధరే అనుకుని ఊరుకోవడం కంటే కాస్త మెరుగే. ఆ కాస్తే నిజంగా దొరికింది.

టర్మ్ చివర్లో ఒక సాయంత్రం మేడమ్ కొత్త గ్రాఫుని కప్పి భర్త ముందు పెట్టింది. ఆయన కళ్లు చికిలించి, గొంతు సవరించుకున్నారు.

"పడుతుంది. రాసిపెట్టుకో."

ఆమె అట్ట జరిపింది. ధర నిటారుగా పైకి లేచింది.

"అమ్మయ్య!" అంటూ పెన్ను మూత తీసింది.

"నేను ఓడిపోతే అంత సంబరమేమిటోయ్?" అని ఆయన ఉడుక్కుంటూ ఉంటే, ఆమె నవ్వు ఆపుకుంటూ పిల్ల గ్రంథం మీద సంతకం చేసింది.