మూడో ప్రకటన

శనివారం పొద్దున కింది వాటా నుంచి ఎండు నల్లద్రాక్ష ఉడుకుతున్న వాసన మెట్లెక్కి మా వంటింట్లోకి వచ్చింది. ఈ నెల బల్లకు రసం చేసే వంతు కింది వాటా ఆవిడది. మా క్రైస్తవ సంఘాల్లో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. చిన్న రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. అది పులిసిన మద్యం కాకూడదు కాబట్టి ఎండుద్రాక్షను నానబెట్టి, ఉడికించి, గుడ్డలో పిండి రసం తీస్తారు. తియ్యటి వాసన, ఎవరికైనా నోరూరాలి. నాకు మాత్రం అరచేతులు చెమర్చాయి. పొయ్యి ఆపి, కిటికీ మూసి, కాసేపు కుర్చీలో కూలబడ్డాను. ఇన్నేళ్ళయినా ఇంతే. ఆ వాసనతో రాహేలు ఆంటీ గుర్తొస్తుంది, ఆమెతోపాటు ఆ రోజుల భయమంతా తిరిగొస్తుంది.

నా చిన్నప్పుడు మేం లాల్‌దర్వాజాలో అద్దెకుండేవాళ్ళం. ఆంటీ మా పక్కింటావిడ, సర్కారు దవాఖానాలో నర్సు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. బల్ల రసానికి ఎండుద్రాక్ష కొనడానికి బేగంబజార్ వెళ్తే నన్నూ వెంటబెట్టుకుపోయేది. పళ్ళలోంచి రాళ్ళు ఏరి కొట్టువాడి ముందు పెట్టి, "క్యా భాయ్, కంకర్ కే భీ పైసే లేతే క్యా?" అంటూ రాళ్ళ ఖరీదడిగి వాణ్ణి నవ్వించి మరో గుప్పెడు పోయించుకునేది. సండేస్కూల్లో మాకు వాక్యాలు కంఠతా పెట్టించేది కూడా ఆమే. మేం ముందు నిలబడి అప్పజెబుతుంటే తాను హాలు చివరికి పోయి, చెవికి చెయ్యి అడ్డం పెట్టి, "ఇనపడ్తలే! పొద్దుగాల తిన్లేదా?" అని అరిచేది. మా గల్లీలో నాలుగే క్రైస్తవ కుటుంబాలు. చుట్టూ పాల వ్యాపారాలు, చిన్న కొట్లు నడుపుకునే పాతకాపు హిందువులు. వాళ్ళతో మాకే పేచీ లేదు. అయినా మా నాన్న "మన సాక్ష్యం చెడొద్దు" అని రోజుకోసారి గుర్తుచేసేవాడు. సాక్ష్యం అంటే మావాళ్ళ భాషలో పరువు. దాన్ని మొయ్యాల్సింది మాత్రం ఎప్పుడూ ఆడవాళ్ళే.

ఆంటీ భర్త సమూయేలు అంకుల్ సంఘ పెద్ద. తాగడు, కొట్టడు, గొంతు పెంచడు. ప్రతి సాయంత్రం కుటుంబ ప్రార్థనకు ముందు భార్యను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆ రోజు చేసిన తప్పులు చెప్పించేవాడు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను హోంవర్క్ చేసుకుంటుంటే ఆయన మాట మెత్తగా వినిపించేది: "ఇంకేమన్న ఉన్నదా?" ఆమె ఏదో చెప్పేది. మళ్ళీ, "ఇంకేమన్న ఉన్నదా?" చెప్పడానికి తప్పులు అయిపోతే ఆమె కల్పించి చెప్పేదని నాకు చిన్నప్పుడే అర్థమైంది. గల్లీ అంతటినీ దబాయించే మనిషి గొంతు ఆ గోడ వెనక పిల్లి గొంతైపోయేది. మా అమ్మ ఆ సమయానికి కుళాయి తిప్పి గిన్నెలు తోమడం మొదలుపెట్టేది.

నేను డిగ్రీ చదువుతుండగా ఒక సాయంత్రం ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆంటీ చెప్పులేసుకుని, భుజాన దవాఖానా సంచితో మా గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్ళిపోయింది. వెనక గల్లీలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ వారమే సంఘ పెద్దలు మా ముందు గదిలో కూర్చుని ఆమెను పిలిపించారు. నేను చాయ్ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. మా పాస్టరును మేం అయ్యగారు అంటాం. ఆయన చాలా మర్యాదగా అడిగారు.

"సమూయేలు గారు మీ మీద చెయ్యి చేసుకున్నారా అమ్మా?"

"లేదయ్యగారు."

"మరి ఏ కారణాన ఇల్లు విడిచారు?"

"భయమైతుందయ్యగారు."

అయ్యగారు తేలికపడినట్టు నవ్వారు. "భార్యకు భర్తయందు భయం ఉండాలనే కదమ్మా వాక్యం. మీరు చెప్పింది ఫిర్యాదు కాదు, సాక్ష్యం." పెద్దలందరూ నవ్వారు, మా నాన్న కూడా. ఆంటీ నవ్వలేదు, ఏడవలేదు. ఇంటికి తిరిగి వెళ్ళేదాకా ఆమెను బల్లకు దూరం పెడుతున్నట్టు ఆదివారం అందరి ముందు చదివారు.

ఆమె చర్చి మానేస్తుందనుకున్నారు. మానలేదు. ఆడవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చునేది. ఆమెకు అటూ ఇటూ కుర్చీలు ఖాళీగా ఉండేవి. రొట్టె, రసం పంచే మనిషి ఆమె దగ్గరకొచ్చేసరికి పైన ఫ్యాను వంక చూస్తూ దాటిపోయేవాడు. విచిత్రం ఏమిటంటే, ఆ రసం చేసేది ఇంకా ఆమే. మా అమ్మ ఉండబట్టలేక అడిగింది, "నీకెందుకక్కా ఈ కష్టం? నిన్ను తాగొద్దన్నరు గద."

"తాగొద్దన్నరు. ఉడికించొద్దనలే గద. ఇంకెవరన్న పెడ్తే మాడగొడ్తరు," అంది ఆంటీ. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. దేవుడు వింటున్నాడేమో అనిపించింది.

తర్వాత నాకు మలక్‌పేటలో ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది, ఆ వెనకే సంబంధం వచ్చింది. ప్రభాకర్‌ను అయ్యగారే చూపించారు. చదువుకున్నవాడు, చర్చిలో గిటారు వాయిస్తాడు. నిశ్చితార్థం అయ్యాక ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, అమ్మ చాయ్ పెడుతుండగా, "ఫోనియ్యి కృపా," అని చెయ్యి చాపాడు. ఇచ్చాను. నింపాదిగా అన్నీ చదివాడు. నాతో పనిచేసే ఇద్దరు మగవాళ్ళ నంబర్లు తీసేసి, ఫోను తుడిచి నా చేతిలో పెట్టాడు. "కోపంతోని కాదు. ఇంటికి తలకాయ నేనే గద. రేపు దేవుని ముంగట నీ గురించి నేనే జవాబు చెప్పుకోవాలె," అన్నాడు. ఆ తర్వాత చాయ్ కప్పు ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆయన వెళ్ళాక నాన్న మురిసిపోయాడు. "పిల్లగాడు వాక్యంల మస్తు గట్టిగున్నడు." నాకు భయంగా ఉందని అమ్మతో చెప్తే, "మొగోళ్ళు గంతనే బిడ్డా, అలవాటైతది," అంది. ఆ రాత్రి నుంచి నాకు గోడ అవతల ఎవరో మెత్తగా ప్రశ్నలు అడుగుతున్నట్టే ఉండేది. సమూయేలు అంకుల్ ఇల్లు మారిపోయాడు, పక్కింట్లో అప్పటికి ఎవరూ లేరు.

మా సంఘంలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు వేదిక మీద ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయికి వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయాలి అని. అది చదివి అయ్యగారు ఆగను కూడా ఆగరు, వెంటనే పాట నంబరు చెబుతారు. మొదటి ప్రకటన అయింది, రెండోదీ అయింది. రెండోసారి ఎవరైనా దగ్గుతారేమోనని కూడా ఆశపడ్డాను. ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఆంటీ గదికి వెళ్ళాను.

"వచ్చే ఆదివారం మీరు లేసి చెప్పుండ్రి ఆంటీ. ఒక్కరన్న అభ్యంతరం చెప్తే ఆపుతరంట."

"నేను లేస్తే ఏమంటరో ఎర్కేనా? మొగుణ్ణి ఇడిసిపెట్టినామె పిల్లను గూడ చెడగొట్టిందంటరు. ఇంకింత జల్ది జేస్తరు నీ పెండ్లి."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఎవరికైనా అని గద చదువుతరు. నువ్వు మనిషివి గావా?"

"పెండ్లిపిల్ల లెవ్వదాంటీ. ఇప్పటిదాంక ఎవ్వలు లేసిండ్రు?"

"ఎవ్వలు లెవ్వలే. నేను గూడ లెవ్వలే నా పెండ్లప్పుడు." ఆమె లేచి గది తలుపు దాకా వెళ్ళి నిలబడి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ, అను. నాకుంది అయ్యగారూ అను."

అన్నాను. "ఇనపడ్తలే," అంది. మళ్ళీ అన్నాను. ఏడ్చాను. ఆమె దగ్గరికి రాలేదు. ఏడుపు అయ్యేదాకా ఆగి, "ఇంకోపారి," అంది. అప్పుడు ఆమె మీద నాకు చాలా కోపమొచ్చింది. తాను లేచి ఒక్క మాట అంటే పోయేదానికి నన్ను నిలబెట్టి ఏడిపిస్తోందని తిట్టుకుంటూ ఇంటికెళ్ళాను.

మూడో ప్రకటన బల్ల ఆదివారం నాడే పడింది. నా పేరు చదివారు, ఆయన పేరు చదివారు. "ఇదియే కడపటి ప్రకటన. ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను." లేచి నిలబడ్డాను. "నాకుంది అయ్యగారూ."

అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, ప్రేమగా అన్నారు, "కూర్చో తల్లీ, ప్రార్థన అవసరతలు చివర్లో చెప్పుకుందాం." కొందరు ఆడవాళ్ళు నవ్వారు. అమ్మ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని కిందికి లాగింది. ఇక కూర్చుంటే అయిపోయేది. అందరికీ అదే హాయి.

"ప్రార్థన కాదయ్యగారూ. అభ్యంతరం. ఈ పెండ్లికి నాకే అభ్యంతరం ఉంది." ఈసారి చివరి వరస దాకా వినిపించింది. కారణమేమిటని అయ్యగారు అడిగారు. వారమంతా పెద్ద పెద్ద మాటలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "భయమైతుంది," అన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు. ప్రభాకర్ మాత్రం మగవాళ్ళ వైపు లేచి, చేతులెత్తి, నాలో దూరిన దురాత్మను గద్దించమని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే ఆమెన్ అనసాగారు. మా నాన్న గొంతు కూడా వినిపించింది. నన్ను ఎత్తుకు పెంచిన మనుషులందరూ కళ్ళు మూసుకుని నాలోని దయ్యాన్ని వెళ్ళగొడుతున్నారు. అంత భయం నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు. వెనక్కి నడిచి ఆంటీ పక్క ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. బల్ల పంచే మనిషి ఆ రోజు ఇద్దరినీ దాటి వెళ్ళాడు.

అప్పుడు చూశాను, ఆంటీ మోకాళ్ళు నా మోకాళ్ళకంటే ఎక్కువగా వణుకుతున్నాయి. అందరూ వెళ్ళిపోయాక కూడా ఆమె లేవలేకపోయింది. "నాకు ప్రతి ఆదివారం గిట్లనే అయితది కృపా," అంది. "వాళ్ళు చెప్పిందే నిజమైతే? దేవుడు గూడ సమూయేలు దిక్కే ఉంటే?"

ఆ మాట ఆమె నోట వింటానని ఎప్పుడూ అనుకోలేదు. "మరి ఎందుకొస్తున్నరాంటీ ఈడికి?"

"ఎవరి దిక్కున్నడో తెల్వాలె గద. ఇంట్ల కూసుంటే ఎట్ల తెలుస్తది?" అంది, పైట కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

పెళ్ళి ఆగిపోయింది. నాన్న చాలాకాలం నాతో మాట్లాడలేదు. నేను ఆంటీ పక్కనే కూర్చుంటూ వచ్చాను, ఆమె కిడ్నీలు పాడై చనిపోయేదాకా. ఆమె బల్ల ముట్టకుండానే పోయింది. సమాధి కూటంలో అయ్యగారు ఆమెను సమూయేలు గారి సతీమణి అనే పిలిచారు, పేరు ఒక్కసారే చెప్పారు. ఆ తర్వాత నాకు నచ్చిన మనిషినే చేసుకున్నాను. నా భర్త మంచివాడు, నా ఫోను ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు. మలక్‌పేటలో మేం వెళ్ళే చర్చి వేరు, అక్కడి అయ్యగారు వేరు, ప్రసంగం మాత్రం తరచుగా అదే. భయం పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మా పాపకు జ్వరంతో ఒళ్ళు కాలితే, అది దేవుడి శిక్షేమోనని ఇప్పటికీ నాకు ముందు ఆ ఆదివారం గుర్తొస్తుంది, ఆ తర్వాతే మందు గుర్తొస్తుంది. దేవుడు ఎవరి దిక్కున్నాడో ఆంటీకి తెలిసిందో లేదో నాకు తెలియదు. నాకింకా తెలియలేదు. ప్రతి ఆదివారం పాపను తీసుకుని వెళ్ళి, తెలిసేదాకా కూర్చుంటున్నాను.