కత్తిపీట దిగిన జోగమ్మ

ఫిషింగ్ హార్బరులో చేపలు కోసే ఆడవాళ్ల వరసలో జోగమ్మది అందరికంటే వేగమైన చెయ్యి. వంజరమైనా, ముళ్ల జెల్లయినా, కొన్నవాడు సంచి తెరిచేలోపు ముక్కలైపోయేది. ఆ వేగంలో వేలు తెగడం మామూలే. తెగిన వేలిని నోట్లో పెట్టుకుని, ఇంత పసుపు అద్ది మళ్లీ పనిలో పడేది. అప్పటికే రక్తం ఆగిపోయేది.

"జోగొదిన నెత్తురు బెల్లం పాకం. ఇలా తీత్తే అలా గట్టిపడిపోద్ది," అనేది పక్కన కూర్చునే కాసులమ్మ. ఆ మాట జోగమ్మకు గర్వంగా ఉండేది.

రెండువేల మూడు ఎండాకాలంలో, చేప కోస్తూ కోస్తూనే ఆమె ముందుకు ఒరిగిపోయింది. గుండెపోటు. భర్త గురువులు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి చేర్చాడు. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి, స్టెంటు అనే సన్నటి తీగ గొట్టం పెట్టారు. మాత్రలు రాసి, ఒక్క పూట కూడా మానొద్దన్నారు. ఎందుకో చెప్పారేమో గానీ, ఆ గాభరాలో ఆమె తలకెక్కలేదు.

ఓపిక రాగానే మళ్లీ కత్తిపీట ఎక్కింది. ఒకరోజు వేలు తెగింది. చిన్న గాటే. పసుపు అద్దినా ఆగలేదు. గుడ్డ చుడితే గుడ్డ తడిసింది, కొంగు ఎర్రబడింది. ఆ వేలు తనది కానట్టు చూస్తూ ఉండిపోయింది జోగమ్మ.

"నెత్తురు నీళ్లయిపోనాదొదినా! ఆ బిళ్లల పనే ఇది," అంది కాసులమ్మ.

మర్నాటి నుంచి జోగమ్మ మాత్ర నోట్లో వేసుకోవడం, గురువులు అటు తిరగ్గానే ఉమ్మేయడం. కొద్ది రోజులకే ఛాతీ మీద బండ పెట్టినట్టు మళ్లీ అదే పోటు. ఈసారి యముడి గడప తొక్కి వెనక్కి వచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరు కుసుమకుమారి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "మాత్రలు ఎందుకు మానేశారమ్మా?"

"నెత్తురు ఆగడం నేదు డాట్రమ్మా. బయమేసింది."

డాక్టరు కోప్పడలేదు. "మన రక్తంలో ప్లేట్‌లెట్లని చిన్న చిన్న కణాలుంటాయి. వేలు తెగితే పరుగెత్తుకొచ్చి, ఒకదాన్నొకటి పట్టుకుని గండి పూడుస్తాయి. గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకున్న చోట గోడ పగిలినా వాటికి అదీ గాయమే, అక్కడా గుంపు కడతాయి. ఆ సన్నటి దారి మూసుకుపోతే గుండెకు రక్తం అందదు. కొత్తగా పెట్టిన స్టెంటు మీదా అంతే. మాత్రలు వాటి దూకుడు తగ్గిస్తాయి. అందుకే తెగితే కాస్త ఎక్కువసేపు కారుతుంది. గట్టిగా నొక్కి పట్టండి, ఆగకపోతే మా దగ్గరికి రండి. అంతేగానీ మీ అంతట మీరు మానకండి."

జోగమ్మ దిండుకు ఆనుకుని కాస్త పైకి జరిగింది. "అయితే ఇన్నేళ్లూ నన్ను కాసినియ్యే నన్ను కొట్టినాయా?"

"వాటికి లోపలా బయటా తేడా తెలీదమ్మా."

ఇంటికి వస్తూ ఆటోలో ఆమె తన వేళ్లమీది పాత గాట్లు తడుముకుంది. కోపం రాలేదు. పాపం, వాటికి తెలిసిన పని అదొక్కటే అనుకుంది.

"కత్తి ఒగ్గేత్తాను మావా," అంది భర్తతో. "మరేటి సేసుకుని బతకాల?"

మోకాళ్లు పట్టేసి పడవ మానుకున్న గురువులు ఆమె వైపు తిరిగాడు. "నాను కోత్తాను."

"ఆడోళ్ల వరసలోనా?"

"కూకుంటే ఏటి? సంద్రంలో పట్టినోడ్ని, కొయ్యలేనేటి?"

మొదట్లో నిజంగానే కొయ్యలేకపోయాడు. ముక్క ముక్కకీ పొంతన ఉండేది కాదు. కాసులమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జోగమ్మ పక్కనే పీట వేసుకుని, బేరాలాడుతూ, "తోక కాడ కాదు మావా, మొప్ప కిందనించి," అని చూపించేది. మాత్రలు మాత్రం అందరి ముందే, టీతో మింగేది.

వానాకాలం వెనకబట్టేసరికి గురువులు చెయ్యి కుదిరింది. ఆమె వేగం అతనికి ఎప్పటికీ రాలేదు. అయినా తొందర లేనివాళ్లు అతని దగ్గరే నిలబడేవారు, జోగమ్మ కబుర్లు వింటూ.