పలక మీద జపాన్ కారు

ఆ పాత జపాన్ స్పోర్ట్స్ కారు మళ్ళీ వస్తుందట. కంపెనీ నోరు విప్పలేదు కానీ, మన కార్ల గ్రూపులో ఊహాచిత్రాలు తెగ తిరుగుతున్నాయి. నేను చూసేది లైట్లే. పాతదానికి అవి బానెట్‌లో దాక్కుని, వెలిగేటప్పుడే పైకి లేచేవి, గుర్తుందా?

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా నాయన పలకల పనికి పోయేవాడు. ఆయన తెచ్చిన కొత్త పలక మీద, క్యాలెండర్ బొమ్మ చూసి ఆ కారును బలపంతో గీశాను.

"ఏందమ్మా, లైట్లు మరిచిపోయినావు?" అంటూ నాయన మేకు తీసుకుని రెండు గుండ్రటి లైట్లు లోతుగా గీకాడు.

"అవి లోపలుంటాయి నాయనా!" అని ఏడ్చాను.

"అట్లనా? నాకేం తెలుసు తల్లీ!"

ఆ ఏడాదంతా ఎక్కాలు ఆ లైట్ల మీదే రాశాను. కొత్త కారుకు ఎలాంటి లైట్లు పెడతారో పెట్టుకోనీ. నాయన పెట్టినవి మాత్రం ఎంత తుడిచినా పోలేదు.