ఇద్దరికీ ఒకే కట్లు

1930ల్లో ఏలూరు మిషను ఆస్పత్రిలో నర్సుగా ఉండగా, మా దొరసాని డాక్టరుగారికి తోడుగా కాశ్మీరు వెళ్లాను. మంచుకొండ ఎక్కడానికి స్కీలు, అంటే కాళ్లకు కట్టుకునే పొడవాటి చెక్కలు, అద్దెకు తీసుకోవాలి. బూటును చెక్కకు బిగించే కట్లు ఇనుపతీగవి ఉన్న జత కొట్లో ఒక్కటే ఉంది. ఆమె దాన్ని తనకు ఎంచుకుని, నాకు పాత తోలుపట్టీలవి చూపించారు.

"ఈ పట్టీ మడమను బిగించకపోతే చెక్క ఊడిపోదాండీ?" అని అడిగాను.

"ఎక్కేటప్పుడు మడమ లేవాలి మరియమ్మా," అన్నారామె.

కొట్టు ముసలాయన ఇంగ్లీషులో అడ్డుచెప్పాడు. "దారిలో ఒకరి కట్టు తెగితే రెండోవారి సంచిలో ఉన్న అదనపు కట్టు పనికిరావాలి. ఇద్దరివీ ఒకటే ఉండాలి."

డాక్టరుగారు తీగవి పక్కన పెట్టి, తోలువే రెండు జతలు అడిగారు. ముసలాయన మమ్మల్ని ఒకే బల్లమీద కూర్చోబెట్టి పట్టీలు సరిచూశాడు. ఏలూరులో ఆమె ముందు నేనెప్పుడూ కూర్చోలేదు. నా భుజం ఆమె భుజానికి తగిలింది. ఆమె పక్కకు జరగలేదు.