పెన్‌డ్రైవ్‌లో లేని పాట

మా కిరాణా దుకాణం ఇస్నాపూర్‌లో, కిరాయి గదుల సందు మొదట్లోనే ఉంటుంది. పొద్దున ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్ళు, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు మా కౌంటర్ దగ్గరే ఎదురుపడతారు. ఆ గంటసేపు ఊపిరి సలపదు. ఒకరికి బ్రెడ్డు, ఒకరికి ఆవనూనె, ఇంకొకరికి పావుకిలో కందిపప్పు. వెనక గదిలో పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి, నా కూతురు ఒక కాలికి సాక్సు వేసుకుని రెండోదాని కోసం ఇల్లంతా తిరుగుతుంటుంది. ఇదంతా కష్టమని ఏడవడానికి చెప్పడం లేదు. నాకు దుకాణమంటే ఇష్టం. నేను పనిమంతురాలిని, ఆ మాట నోరారా చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

అయితే అందులో నాకంటూ ఒక పని దొంగతనంగా పెట్టుకున్నాను. పాటలు కట్టడం. మధ్యాహ్నం జనం పలచబడ్డాక చక్కెర, రవ్వ, పల్లీలు కవర్లలో నింపి పెడతాను. పోయడం, కవరును బండకు తట్టడం, మెలిపెట్టి ముడివేయడం. చేతులు ఆ వరసలో పడ్డాయంటే చాలు, నోట్లో బతుకమ్మ పాట నడక మొదలవుతుంది. పోసేటప్పుడు ఒక ముక్క, ముడి దగ్గర ‘ఉయ్యాలో’. రాసిపెట్టుకోను. చేతికెప్పుడూ పసుపో నూనో అంటుకునే ఉంటుంది, రాయడం ఎక్కడ కుదురుతుంది? బాగున్న ముక్క నోట్లో నానుతుంది, బాగాలేనిది దానంతటదే పోతుంది.

నా పాటకు అసలు అడ్డు గిరాకీ. ముక్క సరిగ్గా కుదిరే సమయానికి ఎవరో వచ్చి షాంపూ పాకెట్ అడుగుతారు. “జెర ఆగన్నా” అని నేనంటే మా అత్తమ్మకు ఒళ్ళు మండుతుంది. ఆమె దగ్గర ఒకటే చట్టం: గిరాకీ నిలబడొద్దు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి కాంటా దగ్గర కూర్చున్న మనిషి. మా వైపు తూచడాన్ని జోకడం అంటాం. మా అత్తమ్మ జోకితే ఒక గింజ ఎక్కువా పోదు, ఒక గింజ తక్కువా పోదు. మాట కూడా అంతే. నవ్వు సంగతి చెప్పనక్కరలేదు.

“అంగట్ల పాట కచేరి పెట్టినవా ఏంది?” అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

“టికెట్ కొని విను,” అనేదాన్ని.

అలా ముక్కలు ముక్కలుగా ఒక పాట తయారైంది. మా సందు పాట.

ఇస్నాపూరు సందులల్ల ఉయ్యాలో
ఇంటికొక్క భాష ఉండె ఉయ్యాలో
సైరనేస్తె తెల్లవారె ఉయ్యాలో
సద్దిడబ్బ సంకకెక్కె ఉయ్యాలో

ఒకరోజు నా కూతురు పొయ్యి పక్కన కూర్చుని అంతా విన్నది. “అమ్మా, సద్దుల బతుకమ్మ నాడు గిది పాడరాదే?” అన్నది.

ఆ మాట నన్ను పట్టుకుంది. బతుకమ్మ పాట ఒక్కతే పాడుకుంటే అది పాట కాదు. ఒకామె ముక్క చెప్పాలి, చుట్టూ తిరిగేవాళ్ళందరూ చప్పట్లు కొడుతూ ‘ఉయ్యాలో’ అని అందుకోవాలి. అందుకునే నోరు లేకపోతే నాది ఎన్నటికీ కవర్ల మధ్య గొణుగుడే. నాకు అదొక్కటి కావాలనిపించింది. ఒక్కసారి, ఒక్క పాట, పదిమంది నోట.

కానీ మా సందులో ఇప్పుడు ఎవరూ పాడరు. తలా ఒక ఊరి నుంచి, తలా ఒక రాష్ట్రం నుంచి వచ్చిన ఆడవాళ్ళు, ఒకరికి వచ్చిన పాట ఇంకొకరికి రాదు. అందుకని డీజే డబ్బాలు తెచ్చి పెడతారు. అది మోగుతుంటే మేము బొమ్మల్లాగా చప్పట్లు కొట్టి, పులిహోర తిని ఇంటికి పోతాం. నాకు ఆ డబ్బాలంటే మంట.

సద్దుల నాడు మా ఆయన కంది ఊరి వైపు పొలాల గట్ల నుంచి గునుగు, తంగేడు పూలు కోసుకొచ్చాడు. బతుకమ్మ పేర్చి, చీర మార్చుకుని, కూతురితో బయలుదేరాను. పండుగ పూట గిరాకీ ఎక్కువ కాబట్టి అత్తమ్మ కాంటా వదలదని నాకు ధీమా. ఆ ధీమాతోనే నా పాటలో ఆమె మీద కట్టిన ముక్క కూడా తీసేయకుండా ఉంచాను.

చీకటి పడకముందే సందంతా నిండింది. ఒక పాట అయిపోగానే నేరుగా డీజే అతని దగ్గరకు పోయాను.

“అన్నా, జెర బంద్ చెయ్యి.”

“ఏ పాట గావాలె చెప్పు అక్కా. పెన్‌డ్రైవ్‌ల అన్నీ ఉన్నయి.”

“అండ్ల లేనిది గావాలె. నేను పాడుత.”

అతను నన్ను ఎగాదిగా చూసి ఆపాడు. డబ్బా ఆగేసరికి అందరూ కరెంటు పోయిందేమోనని తలలెత్తారు. నేను వలయంలోకి వచ్చి చప్పట్లు కొట్టి మొదలుపెట్టాను.

ఇస్నాపూరు సందులల్ల ఉయ్యాలో.

ఎవరూ అందుకోలేదు. ఎదురుగా ఉన్న అమ్మాయి మొహమాటంగా నవ్వింది. రెండో ముక్క పాడాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది. నా కూతురు ఒక్కతే ‘ఉయ్యాలో’ అనబోయి, చుట్టూ ఎవరూ అనకపోవడంతో మధ్యలోనే ఆపేసింది. తల తీసేసినట్టయింది. పోనీ, డబ్బా పెట్టమందామని చెయ్యి ఎత్తబోయాను.

అప్పుడు నా వెనక నుంచి గట్టిగా, ఏ మాత్రం వణుకు లేకుండా వినపడింది: “ఉయ్యాలో!”

తిరిగి చూస్తే మా అత్తమ్మ. కాంటా దగ్గర కొడుకును కూర్చోబెట్టి, పట్టుచీర కట్టుకుని వచ్చింది. “నిలబడ్డవేంది? పాడు,” అన్నది నాతో. ఆమె గొంతు విని పక్కావిడ అందుకుంది, ఆ పక్కావిడ అందుకుంది. తెలుగు రాని ఒడిశా అమ్మాయిలు కూడా ‘ఉయ్యాలో’ దగ్గరకు వచ్చేసరికి అందుకున్నారు. సైరన్ ముక్కకు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. వలయం తిరగడం మొదలైంది. నా ఒళ్ళంతా సంతోషం.

అప్పుడు గుర్తొచ్చింది, తర్వాతి ముక్క ఎవరి మీదో.

దాటేయవచ్చు. కానీ చప్పట్లు ఆగవు, ఇంకో ముక్క తట్టదు. పైగా, నిజం చెప్పొద్దూ, పాట మొత్తంలో నేను కట్టిన మంచి ముక్క అదే. వదలడానికి మనసొప్పలేదు. నా కోసం మొదట నోరు తెరిచిన మనిషి ముందే పాడాను.

కాంటకాడ మాయత్తమ్మ ఉయ్యాలో
నవ్వుగూడ జోకిపెట్టు ఉయ్యాలో

‘ఉయ్యాలో’ సగంమంది నోళ్ళలోనే ఆగిపోయింది. అందరూ ఆమె వైపు చూశారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మా అత్తమ్మ చప్పట్లు ఆపలేదు. ఒక అడుగు ముందుకు వేసి, తడుముకోకుండా అందుకుంది.

జోకకుంట పోస్తదమ్మ ఉయ్యాలో
నా కోడలు మాటలన్ని ఉయ్యాలో

సందు సందంతా గొల్లున నవ్వింది. డీజే అతను ఈల వేశాడు. అబ్బ, ఏం కొట్టింది! నాకు అంత జల్దీ ఏనాడూ ముక్క తట్టలేదు.

బతుకమ్మను నీళ్ళలో వదిలి ఇంటికి వచ్చేటప్పుడు ఖాళీ తాంబాలం ఆమె చేతిలో ఉంది, నిద్ర మత్తులో తూలుతున్న పిల్ల నా చేతిలో.

“నవ్వుగూడ జోకుతనా నేను?” అన్నది.

“జోకుతవ్ అత్తమ్మా,” అన్నాను.

కొంచెం దూరం నడిచాక ఆమె చెప్పింది. “లగ్గమైన కొత్తల నేను గూడ కట్టేదాన్ని. ఒకనాడు కాంటకాడ పాడుకుంటుంటే గిరాకీ నిలబడి నిలబడి ఎల్లిపోయిండు. మా అత్త నల్గురి ముందర తిట్టింది. ఇగ బంద్ జేసిన.”

ఇన్నేళ్ళుగా ఆ చట్టం మా అత్తమ్మదే అనుకున్నాను. ఆమె చేతిలోని తాంబాలం తీసుకున్నాను, అంతే.

మర్నాడు పొద్దున మామూలే. పాలు పొంగాయి, సాక్సు దొరకలేదు, కౌంటర్ ముందు జనం. పండుగ గిరాకీకి కట్టిపెట్టినవన్నీ అయిపోవడంతో నేను పల్లీల కవర్లు ముడివేస్తున్నాను. ఒక కుర్రాడు భుజాన టిఫిన్ సంచితో అరకిలో రవ్వ అడిగాడు. అత్తమ్మ రవ్వ కాంటా మీద పోసింది. పోసి, చేయి అక్కడే ఉంచి, పెదవులు కదుపుతూ ఎటో చూస్తున్నది.

“మా జీ, బస్ ఛూట్ జాయేగీ,” అన్నాడు అతను, బస్సు తప్పిపోతుందన్న కంగారుతో.

“జెర రుకో బేటా,” అన్నది మా అత్తమ్మ. “పాట తెగుతది.”

ఆ తర్వాత చిన్న గొంతుతో ఒక కొత్త ముక్క పాడింది. నేను కవరు ముడివేస్తూ ‘ఉయ్యాలో’ అన్నాను.